రెండు తీగలు మార్చిన చెయ్యి

తన చేతిలో తిరగని మోటారు లేదని కళ్యాణదుర్గం బోరు మెకానిక్ ఆంజనేయులుకు గర్వం. అతని షాపులో ఐటీఐ చదివిన కృపాకుమారి మూడేళ్లుగా పనిచేస్తోంది. మడక సాల్లో వంగి శనక్కాయ విత్తనం వేసీ వేసీ నడుము పోగొట్టుకున్న తల్లి ఎలిజబెత్‌ను చూసి, లెక్కగా గింజ విడిచే చిన్న యంత్రం తయారుచేసింది.

అందులో గింజలు విడిచే చక్రాన్ని అడుగడుగుగా తిప్పేది స్టెప్పర్ మోటారు. దాన్ని నడిపేది అరచేతిలో ఇమిడే డ్రైవర్ బోర్డు. మోటారుకు నాలుగు తీగలు. రెండు కొసలు కలిపి షాఫ్టును వేళ్లతో తిప్పితే బిగుసుకుంటుందా, అవి ఒకే కాయిల్‌వి. అలా కనిపెట్టి, జంటకో రంగు దారం కట్టింది.

ఆంజనేయులుతో పోయి బెళుగుప్ప రైతులకు యంత్రం చూపిస్తుంటే చక్రం వెనక్కి తిరిగింది. ఒక్క గింజ రాలలేదు. ఆంజనేయులు చెయ్యి పెట్టాడు.

"ఉండు పాపా, రెండు తీగలు మారిస్తే సరిపోతాది."

"అన్నా, ముందు కరెంటు తియ్యాల! ఇది బోరు మోటారు గాదు."

"నాకే చెప్తాండావా?"

బోరు మోటారుకైతే ఏ రెండు తీగలు మార్చినా తిరుగుడు మారుతుంది. ఇక్కడ అతను ఎర్రదారం జంటలో ఒకటి, పచ్చదారం జంటలో ఒకటి మార్చాడు. మోటారు చలిజ్వరం వచ్చినట్టు వణికింది. కరెంటు ఉండగానే మళ్లీ పీకాడు. బోర్డు పొగలు కక్కింది.

హనుమంతప్ప అనే రైతు పకపకా నవ్వాడు. "ఏమప్పా, విత్తే కూలోళ్ల చేత వైరింగు చేయిస్తే ఇట్లే ఉంటాది!"

ఆడపిల్లన్న చులకన ఒక్కటే కాదు, ఎస్సీ కాలనీ పిల్లకు మిషన్లెందుకన్న కులం పొగరూ ఆ మాటలో ఉంది. ఆంజనేయులుకు అది తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. కృపాకుమారి అతని ముఖంలోకి ఒకసారి చూసి, కాలిన బోర్డు అక్కడే వదిలి, మిగతా సామాను సంచిలో వేసుకుంది.

మర్నాటి నుంచి పనికి రాలేదు. తీగల జంటల సంగతి రాసుకున్న ఆమె నోటుబుక్కు షాపులో మిగిలింది. అది ముందు పెట్టుకుని, పాత ప్రింటర్లోంచి తీసిన స్టెప్పర్ మోటారు తీగలను ఆంజనేయులు కొత్త బోర్డుకు కలిపాడు. కరెంటు తీసి, ఒకే జంటలో రెండూ మార్చాడు. బుద్ధిగా దిక్కు మార్చుకుని తిరిగింది. అది తిరిగేకొద్దీ అతని తల సిగ్గుతో వాలిపోయింది.

ఎలిజబెత్ ఇంటికి పోయాడు. "తప్పు నాది పాపా. షాపుకు రా."

"ఈడ చెప్తే ఏం లాభమన్నా? నన్ను జూసి నగింది బెళుగుప్పలో గదా."

శనివారం ఆంజనేయులు బెళుగుప్ప పోయి, అదే రైతుల ముందు నిలబడి కాలిన బోర్డు చూపించాడు. "దీన్ని కాల్చింది ఈ చెయ్యి. పాప వద్దనింది, నేను ఇనలేదు. మీరు నగినారు, నేను నోరు మూసుకున్నా."

ఎవరూ నవ్వలేదు. హనుమంతప్ప అడిగాడు: "ఆ పాప యాడ?"

"నేను పిలిస్తే రాలేదు. నగినోళ్లు పిలవండి."

హనుమంతప్ప నేల చూసి, మెల్లగా సెల్లు బయటికి తీశాడు. "నంబరు చెప్పు."