దిగుడులో ఇంజన్ ఆపే మనిషి

మా చిన్నాయన ఎర్రప్ప ఇరవై ఏళ్లు బండి నడిపి ఒక్క ప్రమాదం కూడా చేయలేదు. ఆ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. ఆయనకు పేరు వచ్చింది వేరే విద్యకు. దిగుడు వస్తే ఇంజన్ ఆపేసి, బండిని దాని మానాన దొర్లనిస్తాడు. కిందికి వచ్చాక మళ్లీ స్టార్ట్ చేస్తాడు.

నల్లమాడ నుంచి కదిరికి పోయే దారిలో ఎత్తులూ దిగుడులూ ఉన్నాయి. ఎక్కేటప్పుడు డీజిల్ తాగిన జీపు దిగేటప్పుడు కూడా ఎందుకు తాగాలన్నది చిన్నాయన యజమాని జయరాం గారి సిద్ధాంతం. జయరాం గారు చెక్ డ్యాములు కట్టే కాంట్రాక్టరు. నీళ్లు రాని వాగుల మీద కడతారు కాబట్టి ఆయన కట్టినవాటిలో ఒక్కటీ కొట్టుకుపోలేదు. ఆ గట్టితనం గురించి మీటింగుల్లో ఆయనే చెప్పుకునేవారు. దాని తర్వాత చెప్పుకునేది దిగుడు విద్య గురించి.

"మా ఎర్రప్పకు నేను నేర్పినా. గుట్ట మీద ఆపితే చెరువుకట్ట కాడికి ఒక్క చుక్క కాలకుండా వస్తాడు."

ఎదుటివాళ్లు తల ఊపేవారు. చిన్నాయన దూరంగా నిలబడి బండి అద్దం తుడిచేవాడు.

మేం ఉండేది జయరాం గారి సిమెంటు గోడౌను వెనక గదిలో. డ్రైవరు ఉద్యోగంతో వచ్చిన గది అది. ఉద్యోగం పోతే గదీ పోతుంది. చిన్నాయన, చిన్నమ్మ ఓబమ్మ, నేను, మాకు ఆ ఒక్క గదే. ఎనిమిదో తరగతిలో బడి మానేశాక నేను జయరాం గారి భార్య సరళమ్మ దగ్గర చంటిబిడ్డను ఎత్తుకునే పనికి కుదిరాను. వాళ్లు ఎక్కడికి పోయినా బిడ్డను ఒళ్లో పెట్టుకుని వెనక సీట్లో కూర్చోవాలి. వెనక సీట్లో కూర్చున్న పనిపిల్ల మాట్లాడదు గనక, ఆమెకు వినపడదని కూడా అందరూ అనుకుంటారు.

2003లో, వరుసగా మూడో ఏడు వేరుశనగ వేసినవాళ్లకు విత్తనం కూడా తిరిగి రాలేదు. పశువులను గడ్డి క్యాంపులకు తోలారు. ఆ ఏడే జయరాం గారు జీపు అమ్మేసి, బెంగళూరులో పదేళ్లు వాడిన ఒక విదేశీ పెద్ద బండి కొన్నారు. కరువు పనులు చూడటానికి పోయే మనిషి కరువులో ఉన్నట్టు కనిపించకూడదు కదా.

ఆ బండికి క్లచ్ లేదు. ఆటోమేటిక్ గేరు. చిన్నాయన వంగి సీటు కింద కూడా వెతికాడు గానీ మూడో పెడల్ దొరకలేదు. మొదటిరోజు అలవాటు కొద్దీ ఎడమకాలితో క్లచ్ అనుకుని బ్రేకు తొక్కాడు. జయరాం గారి నుదురు ముందున్న అద్దానికి కొట్టుకుంది.

"బ్రేకులు బాగుండాయప్పా" అన్నారు ఆయన నుదురు రుద్దుకుంటూ. కొన్నది తానే కాబట్టి అంతకంటే ఏమీ అనలేదు.

బండి అప్పగించేటప్పుడు అమ్మినాయన డ్రైవరు మా చిన్నాయనను పక్కకు పిలిచి కన్నడంలో ఏదో మరీమరీ చెప్పాడట. అదేమిటో నాకు మొదటి దిగుడులో తెలిసింది.

"ఏమప్పా ఎర్రప్పా, దిగుడు వచ్చినాది గదా. ఆపలేదేమి?" అన్నారు జయరాం గారు.

"దీన్ని ఆపకూడదంటన్నా. ఇంజన్ తిరిగితేనే గేరుబాక్సులో ఆయిలు తిరుగుతాదంట. ఆపి దొర్లిస్తే లోపల కాలిపోతాదని ఆ డ్రైవరు చెప్పినాడు."

"బెంగళూరోళ్లకు దుడ్లు ఎక్కువ, ఎన్నన్నా చెప్తారు. ఆపు."

"అది కాదన్నా..."

"బండి నాదా, వానిదా?"

చిన్నాయన గేరు రాడ్డును న్యూట్రల్‌కు తోసి, తాళంచెవి ఒక చుట్టు వెనక్కి తిప్పాడు. బండి చప్పుడు లేకుండా దొర్లింది. నా ఒళ్లో బిడ్డ నిద్రపోయింది. "చూడు, ఎంత సుఖంగా ఉండాదో" అన్నారు జయరాం గారు. లోపల కాలిపోయే వస్తువు మొదట్లో చప్పుడు చేయదు.

ఎనిమిది నెలలు ప్రతి దిగుడులోనూ అదే సుఖం అనుభవించాం. తర్వాత బండి ఎత్తు ఎక్కేటప్పుడు తేడా కనిపించింది. ఇంజన్ అరుస్తుంది, బండి మాత్రం పోవాలా వద్దా అని ఆలోచించుకుంటుంది. సరళమ్మ దిష్టి తగిలిందన్నారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టించారు. నిమ్మకాయలు చితికాయి. బండి ఆలోచన మానలేదు.

మాఘమాసంలో కదిరిలో పెళ్లికి పోతుంటే, దిగుడు దిగి, కింద మళ్లీ స్టార్ట్ చేసి గేరు వేస్తే బండి కదల్లేదు. చిన్నాయన యాక్సిలరేటర్ తొక్కాడు. పొగ వచ్చింది, వాసన వచ్చింది, చక్రం మాత్రం తిరగలేదు.

మా వైపు ఏ బండి ఆగినా ముందు తోస్తారు, కారణం తర్వాత అడుగుతారు. జయరాం గారు పక్కనే చెక్ డ్యాం పనిలో ఉన్న కూలీలను పిలిపించారు. ఇరవైమంది తోయడం మొదలుపెట్టారు.

"అన్నా, ఇంజన్ తిరుగుతానే ఉండాది. ఇంక తోసేది ఏంటికి?" అని ఒక ముసలాయన అడిగాడు.

"తోయమంటే తోయప్పా. కూలి ఇచ్చేది ప్రశ్నలు అడిగేదానికా?"

అర్ధఫర్లాంగు తోశాక వాళ్లకు చెమట, బండికి మట్టి పట్టాయి. చివరికి ఒక ట్రాక్టరుకు గొలుసు కట్టి కదిరికి లాగించారు. జయరాం గారు దిగలేదు. అద్దాలు ఎత్తుకుని, ట్రాక్టరు తనకు ముందు పోయే పోలీసు జీపు అన్నట్టు కూర్చున్నారు. తెలిసినవాళ్లు కనిపిస్తే చేయి కూడా ఊపారు. కదిరి ఊళ్లోకి వచ్చాక, చేయి ఊపడానికి ఎవరూ లేనప్పుడు, చిన్నాయన వైపు తిరిగారు.

"చూడు ఎర్రప్పా. మెకానిక్కు కలీముల్లా విప్పి చూసి డ్రైవరు తప్పని అన్నాడా, బండి బీగాలు ఈడ పెట్టి, గది ఖాళీ చేసి పో."

చిన్నాయన సరేనన్నట్టు తల ఊపాడు.

ఇంటికొచ్చాక చిన్నమ్మ ఊరుకోలేదు. "నువ్వే ఆపమన్నావు గదన్నా అని చెప్పల్ల. నోరు ల్యాదా?"

"పదిమందిలో ఆయనదే తప్పంటే గది ఉంటాదా?"

"చెప్పకపోతే ఉంటాదా?"

"ఉండదు."

"మరి?"

"అదే ఆలోచిస్తాండా."

"ఆ బండి మాదిరే ఆలోచించు, బాగుపడతావు." చిన్నమ్మ నా వైపు తిరిగింది. "నువ్వు వెనకనే ఉంటివి గదా. విన్యావా?"

"విన్నా" అన్నాను.

"విని ఏం లాభం? నువ్వు నోరు తెరిస్తే ఆ దినం అనంతపురంలో వరదే" అని గిన్నెలు మూటకట్టడానికి కూర్చుంది.

కలీముల్లా షెడ్డు కదిరి బస్టాండు వెనక ఉంది. ఆయనలో ఒక లోపం ఉంది. తెలియనిది తెలియదంటాడు. మెకానిక్కులకు అది అన్నం పెట్టే గుణం కాదు. "నేను జీపులు, ట్రాక్టర్లు చూసినోణ్ణి. ఈ గేరుబాక్సు ఎప్పుడూ విప్పలేదు. బెంగళూరులో మా ఉస్తాదును ఫోన్లో అడిగి విప్పుతా" అని ముందే చెప్పాడు. మూడు రోజులు విప్పాడు. నాలుగో రోజు రమ్మని కబురు పెట్టాడు.

జయరాం గారు తన వెంట తిరిగే నలుగురినీ తీసుకొచ్చారు. తీర్పు వినడానికి జనం ఉండాలి కదా. సరళమ్మ కూడా వచ్చారు కాబట్టి బిడ్డతో నేనూ వచ్చాను. చిన్నాయన స్తంభం పక్కన టవలు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు.

కలీముల్లా నేల మీద ఒక ట్రే పెట్టాడు. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు నల్లటి కషాయమై ఉంది. దాని పక్కన గుండ్రటి పలకలు, పెనం మీద మరిచిపోయిన రొట్టెల్లా మాడినవి, వరుసగా పేర్చి ఉన్నాయి. షెడ్డంతా కాలిన వాసన.

"ఒక్క మాట అడుగుతా. నిజం చెప్పల్ల" అన్నాడు కలీముల్లా చిన్నాయనను చూస్తూ. "ఈ బండిని ఎప్పుడన్నా ఇంజన్ ఆపేసి దొర్లించినారా?"

చిన్నాయన టవలు వైపు చూశాడు. నేను బిడ్డను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాను.

"ఎప్పుడన్నానా?" అని పెద్దగా నవ్వారు జయరాం గారు. "ఏమడుగుతాండావు కలీమూ! ఎప్పుడన్నా కాదు, ప్రతి దిగుడులోనూ! నేను నేర్పిన విద్య గదా అది. జిల్లాలో అందరికీ తెలిసిందే."

"జీపులో సరేనన్నా. ఈ బండిలో కూడానా?"

"ఇందులోనే ఎక్కువ! ఇది ఎక్కువ తాగుతాది గదా. మొదట్లో ఈయప్ప భయపడినాడు, ఆపకూడదని ఎవడో చెప్పినాడని. నేనే గద్దించి ఆపించినా." ఆయన వెనక్కి తిరిగి తన నలుగురినీ చూశారు. వాళ్లు అలవాటుగా తల ఊపారు.

కలీముల్లా మాడిన పలక ఒకటి తీసి గుడ్డతో తుడిచాడు. "అదేనన్నా దీన్ని చంపింది."

నలుగురి తలలూ ఊపు మధ్యలో ఆగిపోయాయి. జయరాం గారు పలకను చూశారు, ట్రేను చూశారు, చిన్నాయనను చూశారు. తప్పును పెట్టడానికి చోటు వెతుకుతున్నారని నాకు అర్థమైంది. చిన్నాయన మీద పెట్టే దారిని ఇప్పుడే తన నోటితోనే మూసేసుకున్నారు.

"అయితే చేసినోళ్లదే తప్పు" అన్నారు చివరికి. "దిగుడనేది ఒకటి ఉంటాదని తెలీకుండా బండి చేస్తారా? వాళ్ల దేశంలో గుట్టలు ల్యావా?"

"వాళ్ల దేశమంతా గుట్టలేనంటన్నా."

"మరి డీజిల్?"

"అది కూడా ఉంటాదిలే."

"అదీ సంగతి! కరువు తెలీనోళ్లు చేసిన బండి!"

నలుగురూ ఒప్పుకున్నారు. ఆ విధంగా నేరం సముద్రాలు దాటి, షెడ్డులో తమ తరఫున మాట్లాడటానికి ఎవరూ లేని ఒక దేశం మీద పడింది. చిన్నాయన టవలు భుజాన వేసుకున్నాడు. ఆయనను ఎవరూ తప్పు పట్టలేదు. ఎనిమిది నెలల కిందటే నువ్వు చెప్పావు కదా అని కూడా ఎవరూ అనలేదు.

కానీ తప్పు లేకపోయినంత మాత్రాన గది నిలవదు. అద్దెకు తెచ్చిన కారు ఎక్కేముందు జయరాం గారు, ఏదో గుర్తొచ్చినట్టు, "బండే ల్యానప్పుడు డ్రైవరు ఏంటికప్పా? ఉగాది దాకా చూస్తాం" అన్నారు. చిన్నమ్మ మూట విప్పలేదు.

కొత్త గేరుబాక్సుకు బెంగళూరువాళ్లు చెప్పిన ధర విని జయరాం గారు ఫోను పెట్టేశారు. అమ్ముదామంటే, నడవని బండిని కొనేవాళ్లు దొరకలేదు. అప్పుడు కలీముల్లాయే ఒక దారి చెప్పాడు. ఆటోమేటిక్ తీసేసి జీపు గేరుబాక్సు బిగిస్తానన్నాడు. కింద రేకు కోసి గేరు రాడ్డు పైకి తెస్తానని, క్లచ్ పెడల్ వెల్డింగ్ చేస్తానని చెప్పాడు.

"బయటికి కనిపిస్తాదా?" అన్నదొక్కటే జయరాం గారి సందేహం.

"బయటికి ఏమీ తెలీదన్నా. లోపల కూచున్నోనికే తెలుస్తాది."

"తొక్కేది డ్రైవరు గదా. బిగించు."

రెండు నెలలు పట్టింది. పాత రాడ్డు అలంకారానికి అలాగే ఉంది. దాని పక్కన కొత్త రాడ్డు వంకరగా పైకి వచ్చింది. క్లచ్ పెడల్ బ్రేకుకు మరీ దగ్గరగా అతికింది, కాలు అడ్డంగా తిప్పి తొక్కాలి. రెండో గేరు పడాలంటే మోకాలు తలుపుకు ఆనించాలి. మూడో గేరు ఉండాల్సిన చోట వెనక్కి పోయే గేరు ఉంది. కలీముల్లా తానే చేసిన బండిని షెడ్డులోంచి బయటికి తీయలేకపోయాడు. జయరాం గారు, చిన్నాయన మీద ఇంకా మనసు కుదరక, కదిరి నుంచి తక్కువ జీతానికి వస్తానన్న ఇద్దరు డ్రైవర్లను పిలిపించారు. మొదటివాడు పదిసార్లు ఇంజన్ ఆపుకుని దిగిపోయాడు. రెండోవాడు ముందుకు పోదామని వెనక్కి పోయి షెడ్డు గోడను పడేశాడు.

తర్వాత చిన్నాయన ఎక్కాడు. కాసేపు ఊరికే కూర్చుని ఇంజన్ విన్నాడు. కాలు అడ్డంగా తిప్పి, మోకాలు తలుపుకు ఆనించి, బండిని నల్లమాడకు తెచ్చాడు. చిన్నమ్మ మూట విప్పి గిన్నెలు గూట్లో పెట్టింది.

ఆ తర్వాత ఎవరూ గది మాట ఎత్తలేదు. 2006లో ఊరంతా కీళ్ల జ్వరాలు వచ్చినప్పుడు చిన్నాయన కూడా పడ్డాడు. ఆరో రోజు జయరాం గారే నడుచుకుంటూ మా గది వాకిట్లోకి వచ్చారు. అంతకుముందు ఆయన గోడౌను దాటి ఇటు వచ్చింది నేను చూడలేదు.

"ఎర్రప్పా, కాళ్లు సాగినాయా నాయనా? రేపు అనంతపురంలో మీటింగు ఉండాది."

చిన్నాయన ఆ పొద్దునే బోరింగు దాకా నడిచిపోయి రెండు బిందెలు మోసుకొచ్చాడు. ఇప్పుడు దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. ఇరవై ఏళ్లుగా యజమాని మాటకు తల ఊపిన మనిషి, అడ్డంగా ఊపడం నేను మొదటిసారి చూశాను.

"యాడ సాగుతాయన్నా?" అంది చిన్నమ్మ. "మోకాలు ఆ తలుపుకు ఆనించి ఆనించి అరిగిపోయింది. పైగా ఈడ గాలాడదు."

జయరాం గారు తల పైకెత్తి, రేకుల కప్పును మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. మీటింగుకు బస్సులో పోయారు. మరుసటి రోజు మా గదికి ఫ్యాను వచ్చింది. చిన్నాయన దాని కింద ఇంకో రెండు రోజులు జ్వరంతో పడుకున్నాడు.