సొరంగం దాటని కారు

ఇప్పుడంటే ఫోను ముట్టుకుంటే చాలు, ఆటలు వాటంతటవే వచ్చి ఒళ్ళో పడుతున్నాయి గానీ, ఆ రోజుల్లో ఆట ఆడాలంటే ఒక మిషను, దానికి రెండు రిమోట్లు, ఒక టీవీ, అన్నిటికీ మించి మనల్ని ఆడనిచ్చే ఇంటావిడ కావాలి. నాకు ఈ చివరిది అవసరానికి మించే దొరికింది. రాయచోటి పక్క పల్లె నుంచి కువైట్‌కి పోయి, సబా అల్ సలేంలో ఒక ఇంట్లో నేను కుదిరింది వంట చేయడానికి, ఇల్లు తుడవడానికి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దావిడకు కాళ్ళు పట్టడానికి. కారు పందేలు కూడా ఆడాల్సి ఉంటుందని ఏజెంటు ఒక్క ముక్క చెప్పలేదు. (చెప్పి ఉంటే జీతం దగ్గర ఇంకాస్త బేరమాడేదాన్ని.)

ఆ పెద్దావిడను నేను మామా (అరబ్బీలో అమ్మ అని) అనేదాన్ని. పనికి పోయిన ఆడవాళ్ళమంతా అక్కడ ఇంటావిడను అలాగే పిలుస్తాం. మామా భర్త ఎప్పుడో పోయాడు. పెద్దకొడుకు వేరే ఇంట్లో ఉండేవాడు, నాకు కఫీల్ ఆయనే, అంటే నా ఇఖామా (అక్కడ ఉండనిచ్చే కాగితం), నా సెలవు అన్నీ ఆయన సంతకంతో నడవాలి. ఆయన సంతకం మాత్రం మామా మాటతో నడిచేది. చిన్నకొడుకు పైచదువుకని విదేశం పోతూ తన ఆటల మిషను హాల్లో వదిలేసి పోయాడు. ఒకరోజు దుమ్ము తుడుస్తుంటే నా చెయ్యి తగిలి అది వెలిగింది. టీవీలో రెండు కార్లు బుర్రుమంటూ నిలబడ్డాయి. మామా జపమాల పక్కన పెట్టి, కళ్ళజోడు పెట్టుకుని, "తాలి (ఇటు రా), ఆ రెండోది నువ్వు పట్టుకో" అంది. నా ఉద్యోగంలో కొత్త శాఖ అలా మొదలైంది.

మామా జన్మలో కారు నడపలేదు. కానీ రిమోటు చేతికొచ్చిందంటే మనిషి మనిషి కాదు. మలుపు వస్తే తనూ పక్కకు వాలేది, ఎదురుగా లారీ వస్తే అరబ్బీలో దాని వంశాన్నంతా తలుచుకునేది. మా దారి ఒకటే: ఊరు దాటి, కొండ ఎక్కి, దిగి, ఒక సొరంగంలోకి పోవాలి. వేరే దారులు ఉన్నాయేమో కూడా మాకు తెలియదు, గుండ్రటి మీట నొక్కితే వచ్చేది ఇదే. సొరంగంలోకి ముందు కారు దూరగానే బొమ్మ బిగుసుకుపోయేది, మిషను గురగురమనేది. ఆట అంతటితో అయిపోతుందని మేమిద్దరం నమ్మాం. అప్పటికి ఎవరు ముందుంటే వాళ్ళు గెలిచినట్టు. ఎప్పుడూ మామానే ముందుండేది, ఎందుకంటే కొండ దిగేటప్పుడు నేను మర్యాదగా బ్రేకు వేసేదాన్ని. జీతం ఇచ్చే మనిషిని ఓడించి రాత్రి అన్నం ఎవరితో పెట్టించుకుంటాం!

ఈ ఆటతో నాకన్నా ఎక్కువ నలిగిపోయింది మా డ్రైవరు. కోనసీమ మనిషి. ప్రతి మాటకూ "ఆయ్" అంటాడని నేను ఆయ్ అన్న అని పేరు పెట్టాను, ఆయనా కాదనలేదు. మామా కారు వెనక సీట్లో కూర్చుని, "ముందున్నవాణ్ణి దాటు, మలుపులో బ్రేకు వేయకు, యల్లా యల్లా" అని ఆయన వీపు మీద గుద్దేదట. "ఆ మిషన్ని ఎవరికైనా దానం చేసెయ్యమ్మా నీకు పుణ్యముంటుంది. ఆయ్. నిన్న సిగ్నల్ దగ్గర ఆగానని నామీద అలిగారండి ఆవిడగారు. ఎర్రలైటు ఆటలో లేదంట, ఇక్కడెందుకంట!" అని నా దగ్గర మొత్తుకునేవాడు. నేను పడీపడీ నవ్వేదాన్ని.

ఆ నవ్వు ఒక ఫోనుతో ఆగిపోయింది. మా అమ్మ చేసింది. "జూన్‌లో పాపను బడికి ఏస్తాండారు. నువ్వు వస్తావా రావా ఖాయంగా జెప్పు. ల్యాకుంటే మీ అత్త పట్టకపోతానంటాంది, కొత్త గవును గూడా కుట్టించిందంట." నేను విమానం ఎక్కినప్పుడు నా బిడ్డకు మాటలు కూడా రాలేదు. తొలి అడుగు చూడలేదు, తొలి మాట వినలేదు, సరే, కడుపు కోసం వచ్చాం, ఓర్చుకున్నాను. కానీ నా బిడ్డ మా అత్త చెయ్యి పట్టుకుని బడికి పోవడమా! నా గుండె మండింది. ఆ రోజే మామా కాళ్ళు పడుతూ సెలవు అడిగాను. మామా కళ్ళు మూసుకుని "ఇన్షా అల్లా" అంది. ఆవిడ ఆ మాటను రకరకాలుగా అనేది, సెలవు అడిగినప్పుడు అనే రకానికి అర్థం ఇప్పుడు విసిగించకు అని. ఆవిడ బాధ ఆవిడది. ఎండాకాలం వస్తే కొడుకూ కోడలూ పిల్లలూ చల్లటి దేశాలకు పోతారు, ఆ మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఎక్కడికీ పోలేదు. ఆ పెద్ద ఇంట్లో మిగిలేది మేమిద్దరమే.

నేను వదల్లేదు. టీ ఇస్తూ అడిగాను, మందు వేస్తూ అడిగాను, కొండ ఎక్కుతూ అడిగాను. చివరికి విసిగి, "నన్ను ఈ ఆటలో ఒక్కసారి ఓడించు. ఖలాస్, టికెట్ కొనిస్తా" అంది. నీళ్ళ డబ్బాలు మోసుకొస్తున్న ఆయ్ అన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. సాక్షి దొరికాడు. నేను కొంగు నడుముకు దోపుకుని కూర్చున్నాను. (ఒంటి మీద ఉన్నది నైటీ, దోపింది చున్నీ. ఊపు మాత్రం కొంగుదే.) ఆ పూట కొండ దిగేటప్పుడు మర్యాద పక్కన పెట్టాను. మామా కన్నా ముందు సొరంగంలో దూరాను. బొమ్మ బిగుసుకుంది. "గెలిచినా మామా!" అని లేచి నిలబడ్డాను.

మామా తాపీగా డిస్కు డబ్బా చేతిలోకి తీసుకుంది. దాని మీద ఒకడు కప్పు ఎత్తి పట్టుకున్న బొమ్మ ఉంది. "కప్పు ఏది? కప్పు రాలేదు కదా. బొమ్మ ఆగింది గానీ ఆట అయిపోలేదు" అంది. ఇన్నాళ్ళూ తను గెలిచినప్పుడు ఆ కప్పు ఎక్కడికి పోయిందో అడగాలని నోటిదాకా వచ్చింది, మింగేశాను. ఎన్నిసార్లు ఆడినా అంతే. తను ముందుంటే మబ్రూక్ అని తనకు తానే అభినందనలు చెప్పుకునేది, నేను ముందుంటే కప్పు లేదు.

ఆయ్ అన్నకు చెప్పుకుని ఏడ్చాను. ఆయన డిస్కును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇది కాపీ డిస్కు తల్లీ. ఆయ్. ఆట ఇంకా ఉంటుందండి అవతల, ఈ ముక్క దగ్గర చెడింది, అంతే." నాకు కళ్ళు తెరుచుకున్నాయి. సొరంగానికి అవతల ఏదో ఉంది! ఆ మాట చెప్పినందుకు ఆయనకు ఆ పూట రెండు చేప ముక్కలు ఎక్కువ వేశాను.

జమియాకు (అది అక్కడి సహకార బజారు) సరుకులకని బయల్దేరి, మామా అనుమతితోనే సాల్మియా దాకా పోయి, ఆ డిస్కు అమ్మిన షాపు పట్టుకున్నాం. షాపాయన హైదరాబాదు మనిషి, అందరికీ భాయ్. మారుమాట లేకుండా ఇంకో డిస్కు ఇచ్చాడు. ఇంటికొచ్చి వేస్తే అదీ సొరంగంలోనే ఆగింది. మళ్ళీ పోయాం. "తల్లి డిస్కులనే గీత ఉన్నదేమో అక్కా. పిల్లలన్నీ గట్లనే పుడ్తయ్" అన్నాడు, తనకేమీ సంబంధం లేనట్టు. "అయితే తల్లికి తల్లి ఉంటది గదన్నా, ఒరిజినల్ది, అది ఇయ్యి" అన్నాను. షాపులో ఉన్నవాళ్ళంతా తల తిప్పి నన్ను చూశారు. ఆ షాపులో ఆ మాట ఎవరూ అడిగినట్టు లేదు.

అంతవరకూ కాపీ చేయడం తప్పన్న సంగతే నాకు తెలియదు. పక్కింటామె రవిక వెనక డిజైను చూసి అలాంటిదే కుట్టించుకుంటాం, దొంగతనమా? భాయ్ మాటా అదే. "నేనేమన్న ఎవ్వని జేబుల చెయ్యి పెట్టిన్నా? వాని డిస్కు వానికాడనే ఉన్నది, నా డిస్కు నాకాడ ఉన్నది." ఆయ్ అన్నా అటే చేరాడు. "ఆట చేసినోడు ఏ చల్లటి దేశంలోనో ఏసీ గదిలో ఉంటాడండి. ఎండలో ఏగిపోయేది మనం. ఆడికి మనం డబ్బులు కట్టడమేంటమ్మా?" నాకు ఎక్కడ లేని ధర్మం పొంగుకొచ్చింది. "పని జేసినోనికి కూలి ఇయ్యల్ల గదన్నా! నీ జీతం రెండు దినాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేస్తావే, వాడు మాత్రం మనిషి కాదా?" అన్నాను. (నా బిడ్డ బడి సంగతి లేకపోతే ఆ ఆట చేసినవాడు పస్తులున్నా నాకు పట్టేది కాదు, అది వేరే విషయం.)

ఒరిజినల్ ఆ షాపులో ఉంది. ఒకే ఒక్కటి. అద్దాల బీరువాలో, తాళం వేసి, ఎండకు డబ్బా వెలిసిపోయి. "గది అమ్మేది కాదక్కా, చూపెట్టేది" అన్నాడు భాయ్. తనిఖీకి ఎవరైనా వస్తే, మేం అమ్మేది ఇవే సార్ అని చూపడానికట. నేను బడి సంగతి, గవును సంగతి, మా అత్త సంగతి మొత్తం ఏకరువు పెట్టాను. అత్త దగ్గరికి వచ్చేసరికి భాయ్ కాస్త మెత్తబడ్డాడు (ఆయన ఇంట్లో కూడా ఏదో ఉండి ఉంటుంది). "మరి ఎవరన్న వస్తే ఏం జూపాల్నక్కా?" అన్నాడు. "బిల్లు జూపించన్నా! ఒరిజినల్ అమ్మినానని ఒక్క బిల్లన్నా నీకాడ ఉంటది గదా" అన్నాను. భాయ్ ఆలోచించి, తాళం తీసి, ఎప్పుడూ వాడని బిల్లు పుస్తకం దుమ్ము దులిపాడు. నా జీతంలో పెద్ద ముక్కే పోయింది. కువైట్ మొత్తంలో ఒరిజినల్ ఆట డిస్కు కొన్న పనిమనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చున్నాం. బయట ఎండ, లోపల ఏసీ మోత. ఆయ్ అన్న సాక్షిగా గుమ్మంలో నిలబడ్డాడు. "ఇందులో కప్పు ఉంది మామా" అని డిస్కు వేశాను. మామా నావైపు అదోలా చూసి కళ్ళజోడు సర్దుకుంది. ఊరు దాటాం, కొండ ఎక్కాం. దిగేటప్పుడు మామా కారు ముందుంది. సొరంగం వచ్చింది. మామా దూరింది, వెనకే నేను. బొమ్మ ఆగలేదు! చీకట్లో దీపాలు ఒక్కొక్కటీ వెనక్కి పోతున్నాయి. "ఆయ్! పోతున్నాయండి, పోతున్నాయి!" అని గుమ్మంలో ఆయ్ అన్న గంతులేస్తున్నాడు. సొరంగం అయిపోయింది.

అవతల సముద్రం ఉంది. నీలంగా, ఎండ పడి మెరుస్తూ, దారి పొడుగునా ఖర్జూరం చెట్లు. మామా "యా అల్లా" అంది. అని, కారు ఆపేసింది. నిజంగా ఆపేసింది, నడిరోడ్డు మీద. రిమోటు ఒళ్ళో పెట్టుకుని, "చూడు, ఎంత బాగుందో చూడు" అంటోంది. నేను చూడలేదు. నా కళ్ళకు దూరంగా ఎగురుతున్న నలుపు తెలుపు గళ్ళ జెండా ఒక్కటే కనబడింది. ఆపిన కారు పక్కనుంచి సర్రున పోయి ఆ గీత దాటేశాను. బాజాలు మోగాయి, నా సగం టీవీలో కప్పు వచ్చింది. మామా ఇంకా సముద్రాన్నే చూస్తోంది. కాసేపటికి, "నువ్వు సముద్రం చూడనే లేదు" అంది. తర్వాత, "ఖలాస్. మాట మాటే. పో" అంది.

పోయాను. మా అత్త కుట్టించిన గవునే తొడిగి (గవును బాగుంది, ఒప్పుకోవాలి), నా చేత్తో నా బిడ్డను బడికి తీసుకుపోయాను. బిడ్డ బడిలో ఏడవలేదు. దారి పొడుగునా మాత్రం, నేనెవరో కొత్త మనిషినని ఏడ్చింది. రెండు నెలలుండి, అది నన్ను అమ్మా అని పిలవడం మొదలుపెట్టాక, తిరిగి విమానం ఎక్కాను.

తలుపు తీసి లోపలికి పోయేసరికి మామా ఒక్కతే ఆడుతోంది. టీవీలో కారు సొరంగంలో దూరి బిగుసుకుంది, మిషను గురగురమంటోంది. ఒరిజినల్ డబ్బా పైన అరలో, మీద గుడ్డ కప్పి ఉంది. "అది చెడిపోయిందా మామా? మళ్ళీ ఈ దొంగ డిస్కు ఎందుకు వేసినావు?" అన్నాను. "అది బాగానే ఉంది" అంది మామా. "అందులో ఎవరో ఒకరు గెలుస్తారు. గెలిస్తే ఊరికి పోతారు. ఇదే మంచిది." మామా రెండో రిమోటు నా చేతిలో పెట్టి "యల్లా" అంది. ఆ తర్వాత నేనున్నన్నాళ్ళూ మేం ఆ చెడిన డిస్కుతోనే ఆడాం. కొండ దిగేటప్పుడు మళ్ళీ నా బ్రేకు నాకు గుర్తొచ్చింది.

నేను కువైట్ వదిలి వచ్చేసేటప్పుడు ఒరిజినల్‌ను నా పెట్టెలో పెట్టింది మామానే. దాన్ని వేయడానికి మా ఊళ్ళో మిషను ఎక్కడిది, బీరువాలో చీరల మధ్య ఉండిపోయింది. మొన్న మా కూతురు ఆ డబ్బా చూసి, ఆ పాత ఆట ఇప్పుడు ఊరికే దొరుకుతుందని ఎక్కడి నుంచో ఫోనులోకి దించేసింది. "ఊరికే దించకూడదంటనే, చేసినోనికి కూలి పోతాది" అన్నాను. నన్నో పాతకాలం మనిషిని చూసినట్టు చూసి ఫోను చేతిలో పెట్టింది. ఊరు దాటాను, కొండ దిగాను, సొరంగం దాటాను. కారు ఆపాను. "అమ్మా, ఏంటికి ఆపినావు? అందరూ దాటిపోతాండారు చూడు!" అని కూతురు అరుస్తోంది. "పోనీలేమ్మా, సముద్రం చూస్తాండా" అన్నాను.