విప్పి నేసిన చోటు

బతుకుదెరువుకు ఊరు విడిచి వచ్చి ఉధ్నాలో మరమగ్గం నడిపే ముత్యం ఏ బట్టనైనా వేళ్ళతో తడమకుండా వదలడు. ఆటోలో పక్కవాడి చొక్కా తడిమి తిట్లు తిన్న రోజులూ ఉన్నాయి. ఆ పిచ్చి అంటించింది భార్య లింగవ్వే. మిల్లులో బట్ట తప్పులు పట్టే పని ఆమెది. కళ్ళు మూసుకుని, చిటికెన వేలు పైకెత్తి తడిమిందంటే ఎంత సన్న తప్పయినా దొరకాల్సిందే. కరోనా రెండో ఏడు ఆమె పోయింది. మగ్గాలు ఆగి ముత్యం ఇంట్లో కూర్చుంటే, కూతురు హారతి ఫోన్‌లో ఒకే జపాన్ బొమ్మల కథ మళ్ళీ మళ్ళీ చూస్తోంది.

“ఏందే, గా పోరి ఎటు ఉరుకుతుంది?” ముత్యం ఫోన్‌లోకి తొంగి చూశాడు.

“వెనుకటి రోజులకు, బాపు. తల్లిని బతికిస్తది. కానీ తిరిగొచ్చినంక తల్లి ఆమెను గుర్తుపట్టది.” హారతి ఫోన్ బోర్లా పెట్టింది. “ట్యూషన్ నుంచి జ్వరం తెచ్చింది నేనే గదా. అమ్మ బతికితే చాలు, నన్ను మర్చిపోయినా మంచిదే.”

“జ్వరం ఊరంత తిరిగింది బిడ్డా, నువ్వు తేలే.” ముత్యం లేచి లింగవ్వ పాత చీర తెచ్చి ఆమె ఒళ్ళో పరిచాడు. “నేను నేసిందే. తప్పు పడితే మగ్గం వెనుకకు తిప్పి, విప్పి, మళ్ళ నేసిన. ఎవ్వలకూ కానరాలే. మీ అమ్మ ఒక్కతే పట్టింది. నువ్వు ఏ కాలం పోయి తిరిగొచ్చినా నిన్ను గుర్తుపట్టకపోతుండెనా? కండ్లు మూసి నువ్వే చూడు.”

హారతి కళ్ళు మూసుకుంది. వేళ్ళు మెల్లగా జరిగి జరిగి, చీర నడుమ ఒకచోట ఆగాయి.

“ఈడ, బాపు.”

ముత్యం చీర వంక చూడనే లేదు. కూతురి చిటికెన వేలు పైకి లేచి ఉంది. అట్లా ఎత్తమని ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు.