వట్టి సీసా వెనక్కివ్వని మర్యాద

ముందు చప్పుడు వినిపించింది. ప్లాస్టిక్ నలిగి ఊపిరి వదిలేస్తున్నట్టు, పెరట్లోంచి, ఒకదాని తర్వాత ఒకటి. కాసేపటికి వెంకటరత్నమ్మ గారు రోకలి పట్టుకుని, బెజవాడ నుంచి వాళ్ళను చూడ్డానికి వచ్చిన నేను నిలబడ్డ వసారాలోకి వచ్చారు.

"కూర్చోండి. కూల్‌డ్రింకు సీసాలు చితక్కొడుతున్నాను. అన్నీ మా ఆయన దాచుకున్నవే."

చల్లపల్లి దగ్గరి ఈ పల్లెకు కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆమె బతుకంతా చేలూ, చేబదుళ్ళూ. పంచదార, పెరుగు తోడు, పురుగు మందు, ఏది తక్కువైనా పక్కింటి నుంచి వస్తుంది. తెచ్చుకున్న గిన్నెను వట్టిగా తిరిగి ఇవ్వకూడదన్నది ఇక్కడి మర్యాద. నిరుడు ఆ మర్యాదే ప్రాణం మీదికి తెచ్చింది.

మినుముకు పురుగు పట్టి పక్కింటి దుర్గాప్రసాద్ మందు అడిగితే, ఆమె భర్త రామకోటేశ్వరరావు గారు మామిడి రసం సీసా ఒకటి శుభ్రంగా కడిగి అందులో పోసి ఇచ్చారు. వారం తిరక్కుండా దుర్గాప్రసాద్ అదే సీసాలో అంతే మందు తెచ్చి, అరుగు మీద పెట్టి వెళ్ళాడు. సెలవులకు వచ్చిన మూడేళ్ళ మనవరాలు భానుశ్రీకి సీసా మీది మామిడి పండు మాత్రమే కనిపించింది. ఒక్క గుక్క. ఆ తర్వాత నోటి వెంట నురగ, కారు, తరగని కరకట్ట రోడ్డు, విజయవాడ ఆసుపత్రి. పిల్ల బతికింది. కోడలు సింధూరి మాత్రం ఒకటే మాట అంది: "ఇంట్లో మందు లేదని మీరు చెప్పిన రోజు తీసుకొస్తాను అత్తయ్యా."

మందంతా పొలంలో మోటారు గదిలో పెట్టించి తాళం వేయించానని ఆమె నిన్ననే ఫోనులో చెప్పారు. ఇవాళ పిల్ల వస్తోంది. లౌజు చేద్దామని లోపలికి వెళ్ళి మంచం కింద కొబ్బరికాయల కోసం వంగిన మనిషి, అలాగే ఆగిపోయారు. చేతికి సీసా తగిలింది.

"ఏవండీ! ఇదేంటిది?"

పేపరు పక్కన పెట్టి రామకోటేశ్వరరావు గారు గొంతు సవరించుకున్నారు. "ప్రసాద్‌కి పొద్దున్నే ఇవ్వాల్సింది. ఒక్క రాత్రికి పొలం దాకా ఎందుకని... అయినా ఈసారి గుర్తుగా ఎర్ర రిబ్బను కట్టాగా!"

"పసిపిల్ల వచ్చే ఇంట్లో మందుకి రిబ్బను కట్టారా? బొట్టు కూడా పెట్టకపోయారా, పేరంటానికి పిలిచినట్టుండేది!"

"అబ్బా, ఇప్పుడే ఇచ్చేసొస్తానే. కోడలికి తెలియాలా ఏంటి?"

ఆమె ఏడాదిగా పిల్ల అడుగు పడని వసారా వైపు ఒకసారి చూశారు. అక్కడ ఎండ ఒక్కటే ఆడుకుంటోంది. ఫోను తీశారు.

"సింధూరీ, బెజవాడ బస్టాండులోనే ఉన్నావా? ఇంటికెళ్ళిపో అమ్మా. మందు లేదన్నాను గానీ, ఉంది. మీ మావయ్య మంచం కింద దాచారు."

అవతల భానుశ్రీ గొంతు: "నానమ్మా, లౌజు చేశావా?"

"చేస్తున్నా తల్లీ. తాతయ్య చేత పంపిస్తా," అన్నారు, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

సీసాను మోటారు గదిలో పెట్టి తాళం వేసి రమ్మని ముందు భర్తను పంపారు. ఆయన తిరిగొచ్చేసరికి లౌజు డబ్బా సిద్ధంగా ఉంది. ఆయన చొక్కా తొడుక్కున్నారు. నేనూ లేచాను. గుమ్మం దాకా వచ్చి ఆమె నాతో అన్నారు:

"మీరూ ఆ బెజవాడ బస్సుకేగా? దారిలో ఈయన ఎవరికీ ఏదీ సీసాలో పోసివ్వకుండా కాస్త కనిపెట్టుకుని ఉండండి."