రూసీ సాబ్‌కి పంపిన ముబారక్

మొన్న షార్జా అల్ నహ్దాలో మా బిల్డింగు కింద ఉన్న సెలూన్లో జుట్టు కత్తిరించుకుంటూ ఉండగా, గోడకున్న టీవీలో వెండిరంగు పైకప్పు ఒకటి, దానికి నల్లటి కన్నం ఒకటి కనిపించాయి. టీవీ గొంతు తగ్గించి పెట్టారు గనక కింద పరిగెత్తే అక్షరాలను కూడబలుక్కుని చదువుకోవలసి వచ్చింది. చెర్నోబిల్‌లో ఎప్పుడో పేలిన అణుకేంద్రం మీద కట్టిన ఆ కప్పుకి ఈ యుద్ధంలో ఒక డ్రోన్ వచ్చి తగిలి కన్నం చేసిందనీ, దాన్ని సరిగా పూడ్చడం ఇంకా ఎవరివల్లా కాలేదనీ వాటి సారాంశం. మంగలి, మనిషి మంచివాడే, కత్తెర ఆడిస్తూనే ఆ రూసీ వాళ్లకి, అంటే రష్యన్లకి, ఎప్పుడూ ఏదో ఒక గోలేనని హిందీలో అన్నాడు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సబ్బు నురగ పడిందనుకుని అతను తువ్వాలు అందించాడు. కాదని చెప్పే ఓపిక లేక తుడుచుకుని కూర్చున్నాను.

మన వయసువాళ్లకి ఆ పేరు గుర్తుండే ఉంటుంది. ఎనభై ఆరులో నేను ఐటీఐలో వెల్డింగు నేర్చుకుంటున్నాను. జగిత్యాల దగ్గర మా ఊళ్లో, కిరాణా కొట్టు రేడియో చుట్టూ నలుగురం చేరి వార్తలు వింటుంటే, రష్యాలో అణుకేంద్రం పేలిందని చెప్పారు. ఆ గాలి మనదాకా వస్తుందా, వస్తే వడ్లకేమవుతుంది అని పెద్దవాళ్లు చాలాసేపు మాట్లాడుకుని, చివరికి రాదని తేల్చి ఇళ్లకి పోయారు. అప్పట్లో అటువైపు దేశాలన్నీ కలిపి మనకి ఒక్కటే పేరు, రష్యా. తరవాత అది ముక్కలైందని పేపర్లో చదివాను గానీ, ఏ ముక్క ఎవరికి పోయిందో పట్టించుకోలేదు. పట్టించుకోవలసిన రోజు ఒకటి వస్తుందని ఎలా అనుకుంటాం?

కరోనా వచ్చిన ఏడాది నేను పనిచేస్తున్న కంపెనీ మూతపడింది. యాభై దాటిన మనిషికి మళ్లీ వీసా ఎవరిస్తారని బెంగపెట్టుకుని ఉండగా, షార్జా అవతల సముద్రపు ఒడ్డున పైపులు తయారుచేసే యార్డులో పని దొరికింది. అతుకు వేసిన పైపుకి ఎక్స్‌రే తీసి లోపల పగులు ఉందో లేదో చూడటం నా పని. ఆసుపత్రిలో ఎముకకి తీసినట్టే, కాకపోతే ఇనుములోంచి దూరిపోవాలి గనక ఆ కిరణం చాలా గట్టిది. కిరణాలు వెదజల్లే చిటికెన వేలి గోరంత మందు, దాన్ని మా భాషలో సోర్స్ అంటారు, బరువైన సీసపు పెట్టెలో పడుకుని ఉంటుంది. దూరంనుంచి హ్యాండిల్ తిప్పి దాన్ని బయటికి పంపాలి, పని కాగానే మళ్లీ లోపలికి లాగాలి.

అక్కడ మా ముదీర్, అంటే మేనేజరు, ఒక తెల్లాయన. పొడుగు మనిషి, కొంచెం వంగి నడిచేవాడు, నాకంటే ఒకటి రెండేళ్లు చిన్న. ఫోన్లో రష్యన్‌లా వినిపించే భాషేదో మాట్లాడేవాడు గనక యార్డు మొత్తానికీ ఆయన రూసీ సాబ్. నేను కూడా ఆయన నంబరు ఫోన్లో అలాగే దాచుకున్నాను. పిలిస్తే పలికేవాడు, ఒక్కనాడూ కాదనలేదు. ఇరవై ఏళ్లుగా ఈ దేశంలో సైట్ల మీద తిరిగి నేర్చిన హిందీ ఆయనది, మా అందరి హిందీలాగే వ్యాకరణం లేనిది.

పనిలో మాత్రం ఆయన చాదస్తం చెప్పనలవి కాదు. గోడలు మందంగా కట్టిన బంకరులో ఎక్స్‌రే తీసేముందు మమ్మల్నందరినీ బయటికి పంపి, వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టేవాడు. సోర్స్ వెనక్కి రాగానే, కిరణం ఉంటే కూసే చేతి మీటరు పట్టుకుని తానే ముందు లోపలికి వెళ్లి, పెట్టె చుట్టూ తిప్పి, అది నోరు మూసుకున్నాక మమ్మల్ని రమ్మని చెయ్యి ఊపేవాడు. ప్రతిసారీ అంతే. ముసలమ్మ పొయ్యి ఆరిందో లేదో చూసుకున్నట్టుందని మేము తెలుగులో నవ్వుకునేవాళ్లం, ఎవర్ని చూసి నవ్వుతున్నామో ఆయనకి తెలిసేది కూడా.

మా జేబుకి బ్యాడ్జ్ అని ఒక ప్లాస్టిక్ బిళ్ల తగిలించుకోవాలి. ఒంట్లోకి ఎంత కిరణం పోయిందో అది పట్టి ఉంచుతుంది, కొన్నాళ్లకోసారి దాన్ని ల్యాబుకి పంపితే మన పేరు పక్కన ఒక అంకె వస్తుంది. అంకె పెరిగితే పనిలోంచి తప్పించి కూర్చోబెడతారు. అందుకని మాలో కొందరు దాన్ని టిఫిన్ సంచిలో దాచి పనిలోకి పోయేవాళ్లు, తిరిగొచ్చి తగిలించుకునేవాళ్లు. అదొక తెలివి అనుకునేవాళ్లం. దొరక్క దొరక్క దొరికిన పని పోతుందన్న భయంతో నేను కూడా అదే చేసి, ఒకరోజు ఆయనకి దొరికిపోయాను.

“తుమ్ ఇధర్, బ్యాడ్జ్ ఉధర్?” అన్నాడు. కేకలు వేస్తాడనుకున్నాను. వెయ్యలేదు. నీడలో కూర్చోబెట్టి వాళ్ల నాన్న సంగతి చెప్పాడు. ఆయన బస్సు డ్రైవరట. చెర్నోబిల్ పేలిన మర్నాడు పక్క ఊరి జనాన్ని ఖాళీ చేయించడానికి వందలకొద్దీ బస్సులు పంపితే, అందులో ఒకటి ఆయనది. ఒక్కరోజుతో పోలేదు, ఎన్నో రోజులు ఆ దారినే తిరిగాడు. జేబుకి ఏ బిళ్లా లేదు. కొన్నేళ్లకి రక్తం చెడి మంచాన పడితే, వాళ్లమ్మ కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది. మీ ఆయన ఒంట్లోకి ఎంత పోయిందో చూపించమన్నారు. ఏం చూపిస్తుంది? “నంబర్ నహీ లిఖా, తో బీమారీ భీ నహీ,” అన్నాడు. ఎక్కడా రాయలేదు గనక ఆయనకి జబ్బే రానట్టు. ఆ రోజునుంచి నేను బ్యాడ్జ్ లేకుండా బంకరు గడప తొక్కలేదు.

నాన్న పోయాక వాళ్లమ్మ అణుకేంద్రం దగ్గరి తమ సొంత ఊరికే తిరిగి వెళ్లిపోయిందట, పేలుడు తరవాత అందరినీ పంపేసి, ఉండకూడదని కంచె వేసిన ఊరికి. అలా వెళ్లిన ముసలమ్మలు ఇంకా కొందరున్నారట. కోళ్లు పెంచుకుంటూ, ఆలుగడ్డలు వేసుకుంటూ ఒక్కతే ఉండేది. ఫోను అందడానికి ఆమె ప్రతి ఆదివారం దిబ్బ ఎక్కితే, ఈయన పని ఆపి, యార్డు మూలకి వెళ్లి నిలబడి మాట్లాడేవాడు. మా ఆవిడ పెట్టి పంపిన సర్వపిండి ఒకసారి ఇస్తే, అమ్మ ఆలుగడ్డ తురిమి ఇలాంటిదే చేస్తుందని ఫోనులో ఆమెకి కూడా చెప్పాడు. వాళ్ల ఈస్టర్ అయ్యాక ఏడాదికోసారి ఆ కంచె తెరిచి, ఊరివాళ్లని సమాధుల దగ్గరికి వెళ్లనిస్తారట. పెద్దల దగ్గర తిండి పెట్టి, అక్కడే కూర్చుని తిని వస్తారట. మన పెత్రమాసలాంటిదే అన్నాను. కరోనా వల్ల వెళ్లలేకపోయాననీ, ఈసారి తప్పకుండా వెళ్తాననీ అన్నాడు.

ఇన్ని చెప్పాడు, ఆయనది ఏ దేశమని మాత్రం నేను అడగలేదు. చెర్నోబిల్ అంటే రష్యా, రేడియోలో నా చెవులతో విన్నాను గదా.

రెండువేల ఇరవై రెండు ఫిబ్రవరిలో యుద్ధం మొదలైన మర్నాడు మాకు సెలవు. పొద్దున్నే చాయ్ తాగుతూ ఫోన్ తెరిస్తే, రష్యా సైన్యం చెర్నోబిల్‌ని పట్టుకుందని వార్త. నాకు సంతోషమేసింది, ఇప్పుడు దాచుకుని ఏం లాభం. మా సాబ్ ఊరు ఆయన దేశంవాళ్ల చేతికి వచ్చింది, ముసలమ్మకి ఇక కంచె బాధ ఉండదు అనుకున్నాను. వెంటనే వాట్సాప్‌లో నా గొంతుతో పంపాను. “రూసీ సాబ్, ముబారక్ హో. ఆప్ కా ఫౌజ్ జీత్ గయా. మా కో భీ ముబారక్ బోలో.” రెండు గీతలూ నీలమయ్యాయి. జవాబు రాలేదు.

అప్పట్లో ఇక్కడే ఉద్యోగం చేస్తూ నాతో ఉంటున్న మా అమ్మాయి ఆ మాట విని గదిలోంచి బయటికి వచ్చింది.

“బాపూ, నువ్వు ఎవలికి ముబారక్ జెప్పినవ్? ఆయనది రష్యా గాదు, ఉక్రెయిన్. చెర్నోబిల్ గాడనే ఉంది. రష్యావోళ్లు వాళ్ల మీదనే పడ్డరు.”

వాట్సాప్ మళ్లీ తెరిచాను. తుడిపేద్దామంటే ఆయన వినేశాడు.

మర్నాడు ఆయన మామూలుగానే వచ్చాడు. తలలు లెక్కపెట్టాడు, మీటరు పట్టుకుని ముందు వెళ్లాడు. ముబారక్ ఊసెత్తలేదు. తిట్టి ఉంటే కాళ్లు పట్టుకునేవాణ్ణి. ఏమీ అనకపోయేసరికి, రేపు చెబుదామనుకున్నాను. అలా ఐదు వారాలు రేపు రేపనే గడిచిపోయాయి. ప్రతి ఆదివారం ఆయన యార్డు మూలకి వెళ్లి ఫోను చెవికి పెట్టుకుని నిలబడేవాడు. అవతల ఒక్కసారీ మోగలేదు. ఆ భుజాల్ని వెనకనుంచి చూడటమే నాకు శిక్ష అయింది.

ఒకరోజు భోజనాల వేళ ఫోన్లో ఏదో బొమ్మ చూపించాడు. అణుకేంద్రం పక్క అడవిలో రష్యా సైనికులు దాక్కోవడానికి తవ్విన గుంటలు. ఆ అడవి మన్నులో ఆనాటి విషమంతా ఉందనీ, వాళ్ల వైపు పసిపిల్ల కూడా అక్కడ పార ముట్టుకోదనీ అన్నాడు. తల్లిని ఏంచేశారో తెలియని మనిషి, ఇప్పుడు శాపనార్థాలు పెడతాడనుకున్నాను. ఆ గుంటల మీద వేలు పెట్టి, “ఇన్ కో భీ కిసీ నే బ్యాడ్జ్ నహీ దియా,” అన్నాడు. వీళ్లకి కూడా ఎవరూ బ్యాడ్జ్ ఇవ్వలేదని.

సైన్యం వెళ్లిపోయిన కొన్నాళ్లకి ఫోను మోగింది. అమ్మ కాదు, పొరుగు ముసలమ్మ. మార్చి చలిలో కరెంటు లేక, మందులు అందక ఆమె పోయిందనీ, శ్మశానం దారిలో మందుపాతరలున్నాయని ఇంటి వెనక ఆపిల్ చెట్ల కింద పాతిపెట్టామనీ చెప్పింది. అదే వారం ఆయన వీసా రద్దు చేయించుకున్నాడు. ఇప్పుడు వెళ్తే ఆ దేశం మగవాళ్లని తిరిగి బయటికి పంపదని అందరం చెప్పాం. ఈస్టర్ అయ్యాక అమ్మ దగ్గర తిండి పెట్టేవాళ్లెవరున్నారని అడిగాడు. కంచె తెరుస్తారా అంటే, తెరవరట, పాతరలు తియ్యడానికే ఏళ్లు పడుతుందట. అయినా వెళ్లాడు.

టాక్సీ ఎక్కేముందు మీటరు నా చేతిలో పెట్టాడు, ఇకనుంచి ముందు వెళ్లేది నేను గనక. వారం రోజులుగా నేర్చుకున్న క్షమాపణ చెప్పబోయాను. నోరు తెరిస్తే అలవాటుకొద్దీ “రూసీ సాబ్” అని వచ్చింది. అక్కడితో నా మాట తెగిపోయింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, “ఖలాస్. ఖాలీ సాబ్ బోలో,” అని, ఉత్త సాబ్ అంటే చాలని, టాక్సీ ఎక్కాడు. ఖలాస్ అన్నది దేనికో, కోపం అయిపోయిందనో, మన పరిచయం అయిపోయిందనో, ఇన్నేళ్లయినా నాకు తెలియలేదు.

ఆ సాయంత్రం మెట్ల మీద కూర్చుని, చెప్పలేకపోయినదంతా వాట్సాప్‌లో చెప్పి పంపాను. ఒక్క గీతే పడింది, ఆయన ఫోనుకి చేరనేలేదని. ఆ తరవాత వాళ్ల ఈస్టర్‌కి పంపాను, పెత్రమాసకి పంపాను, మా అమ్మాయి పెళ్లికి పంపాను, అన్నిటికీ ఒక్కొక్క గీతే.

ఇప్పుడు నేను పని మానేసి అమ్మాయి దగ్గర ఉంటున్నాను. యార్డులో కొత్తగా వచ్చినవాళ్ల జేబులకి అంకె అప్పటికప్పుడు చూపించి కూతపెట్టే యంత్రాలున్నాయట, దాచుకునే తెలివి ఇక చెల్లదు. తెల్లవాళ్లని మాత్రం ఇప్పటికీ అందరినీ కలిపి రూసీ అనే పిలుస్తారు. సెలూన్లో మంగలికి చెప్పబోయి నేనూ ఊరుకున్నాను, ఆ మాట మొదటినుంచీ చెప్పుకు రావాలంటే నా ముబారక్ కూడా చెప్పాలి గదా. ఇంటికొచ్చి ఫోన్ తీసి, సాబ్ ముందున్న రూసీ అన్న మాట ఇన్నాళ్లకి తుడిపాను. సాబ్, కప్పుకి కన్నం పడిందట, మీరెక్కడున్నారు అని పంపాను. ఒక్క గీత. వేలితో పైకి జరుపుకుంటూ పోతే నా మాటలన్నీ ఎవరూ వినకుండా వరసగా పడి ఉన్నాయి. అన్నిటికంటే పైన, ఆయన విన్నాడని చెప్పే రెండు నీలం గీతలతో, ఆ ముబారక్ ఒక్కటే ఉంది.