చీటీలో పడని నొప్పి

మిరప కోతలు మొదలయ్యాయంటే మా ఈసీజీ గది వాసనే మారిపోతుంది. కల్లాల నుంచి, కోల్డ్ స్టోరేజీల నుంచి ఆడవాళ్లు గుండెల్లో నొప్పంటూ వస్తారు. తీగలు అంటించడానికి వాళ్లు జాకెట్టు హుక్కులు తీయగానే మిరప ఘాటు గుప్పున లేస్తుంది. నా ముక్కు మండుతుంది. ఎన్నో ఏళ్లుగా ఈసీజీలు తీసే పనిలో ఉన్నాను. ఆ ఘాటు తగిలినప్పుడల్లా నాకు కోటేశ్వరమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది, వెనకే కోపమూ వస్తుంది.

పర్చూరు దగ్గర మా ఊళ్లో ఆమెది మా పక్కిల్లు. కాయలు గ్రేడింగు చేసే ఆడవాళ్ల ముఠాకు మేస్త్రి. ఇంటర్ చదివేటప్పుడు సెలవుల్లో నేనూ ఆ ముఠాలో కూర్చుని, రంగు వెలిసిన తాలుకాయలు ఏరడం, తొడిమలు తుంచడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. కాయలు నింపిన బస్తాను మా వైపు టిక్కీ అంటారు. మేస్త్రి అయినా టిక్కీలు తనే ఈడ్చేది. ఒక ఏడు అలా ఈడుస్తుండగా రొమ్ము ఎముక పక్కన కలుక్కుమంది. వారం ఉండి పోయింది. నెల తిరక్కుండా మళ్లీ వచ్చింది, ఇక ఆమెను వదల్లేదు. వచ్చిందంటే ఎడమ చెయ్యెత్తి జడ వేసుకోలేదు. తుమ్ము వస్తుంటే దిండు రొమ్ముకు అదుముకునేది. గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. తగ్గిన రోజుల్లోనేమో ఎవరూ నమ్మేవారు కాదు. "నిన్న చచ్చిపోతానన్నావు, ఇవాళ బిందె మోస్తున్నావే" అని వాళ్లాయనే ఎత్తిపొడిచేవాడు.

వాళ్ల అత్తగారు దిష్టి తీసింది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. కాయలు మాడినా ఎవరికీ దగ్గు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. ఎవరూ దగ్గలేదు. ముసలామె హడలిపోయి, ఎవరి కన్ను పడిందో ఆరా తీయడం మొదలుపెట్టింది.

"అత్తా, ఈ ఇంట్లో అందరం మిరపకాయల్లోనే పొర్లుతున్నాం. మనకి దగ్గెక్కడిది? ఎదురింటి పంతులుగారిని పిలిచి కూర్చోబెట్టు, ఎట్టా దగ్గుతారో చూద్దువుగాని" అంది పెద్దమ్మ. మేం పగలబడి నవ్వాం. తనూ నవ్వబోయి, రొమ్ము పట్టుకుని, "నన్ను నవ్వించకండే" అని మమ్మల్నే తిట్టింది.

అసలు నన్ను మండించింది ఆ తరవాత జరిగింది. నొప్పి సంగతి మాకు పని ఇచ్చే మిరప వ్యాపారి గుమాస్తా చెవిన పడింది. "గుండె జబ్బు మనిషిని పెట్టుకుంటే రేపు మా మెడకి చుట్టుకుంటది. డాక్టరు కాగితం తెచ్చుకో" అన్నాడు. పెద్దమ్మ నన్ను తోడు తీసుకుని అద్దంకి వెళ్లి ఈసీజీ తీయించుకుంది. అక్కడి డాక్టరు నార్మల్ అని రాసిచ్చాడు. గుమాస్తా ఆ చీటీ చూసి, "గుండె శుభ్రంగా ఉందిగా. ఇక వేషాలు చాలు, టిక్కీ లాగు" అన్నాడు. గుండె జబ్బయితే మనిషి పనికిరాదు, కాకపోతే నొప్పే లేదు. ఇదెక్కడి న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడే మళ్లీ అద్దంకి వెళ్లాం. "గుండె బాగుందని చెప్పాగా అమ్మా. గ్యాస్ అయ్యుంటది, లేకపోతే టెన్షన్" అన్నాడు డాక్టరు, తలెత్తకుండానే.

"తీగలైతే వేయించారు గానీ, నొప్పెక్కడో మీరు అడగలేదండి. ఇదిగో, ఇక్కడ నొక్కండి" అని పెద్దమ్మ వేలితో చూపించింది. ఆయన విసుక్కుంటూనే నొక్కాడు. ఆమె కెవ్వుమంది. పక్కటెముక రొమ్ము ఎముకను కలిసే చోట వాచిందనీ, ప్రాణానికి భయం లేదు గానీ బరువులు లాగితే తిరగబెడుతూనే ఉంటుందనీ అప్పుడు చెప్పాడు. "ఆ మాటే కాగితం మీద పెట్టండి. నేను చెబితే నమ్మరు" అంది. రాసేదాకా కుర్చీలోంచి లేవలేదు. బయట జనం సణిగినా లేవలేదు.

ఆ కాగితాన్ని గుమాస్తా ముందు నా చేత పైకి చదివించింది. అతను విని, బరువు లాగలేని మేస్త్రి దేనికని ఆమెను మేస్త్రి పని నుంచి తీసేసి కూలీల్లో కూర్చోమన్నాడు. న్యాయం జరిగిందని రాయాలని నాకూ ఉంది. జరగలేదు. పెద్దమ్మ ఏడవలేదు, బతిమాలలేదు. మా వరసలోకి వచ్చి, నా పక్కన పట్టా పరుచుకుని తొడిమలు తుంచుతూ, "ఇకనించీ టిక్కీని ఇద్దరు పట్టుకోండే. ఒక్కతే లాగితే నా గతే పడుద్ది" అంది. గుమాస్తా ఎంత అరిచినా ఆ సీజనంతా ఇద్దరేసి పట్టుకునే లాగాం.

ఆమె పోయి చాలా కాలమైంది. మొన్న ఒకామెకు తీగలు వేస్తే గీతలన్నీ సరిగ్గా వచ్చాయి. చీటీ చించి ఇచ్చి పంపేస్తే నా పని అయిపోయినట్టే. అయినా "నొప్పెక్కడో వేలితో చూపించమ్మా" అని అడిగాను. రొమ్ము ఎముక పక్కన వేలు పెట్టి, తనే నొక్కుకుని మూలిగింది. చీటీ అంచున "ఇక్కడ నొక్కితే నొప్పి" అని రాశాను. అలా రాయొద్దని మా డాక్టరు గారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. ఈసారి పిలిపించి, అందరి ముందూ, "ఇక్కడ డాక్టరు నువ్వా, నేనా" అన్నారు.

"మీరేనండి. అందుకే మీకు కనపడేలా రాశాను" అన్నాను.