కొండగొర్రె వేటగాడు

మొన్న కార్తీక సోమవారం పొద్దున్న ఏడు గంటలకు, పాతపట్నం దగ్గర మా కొండ మీద జరిగింది. పట్నం నుంచి ఒక వేటగాడు ఆకుల బొమ్మల చొక్కాతో, వీపున పెద్ద సంచీతో, ఖరీదైన విల్లుతో దిగాడు. నోరు తెరిస్తే ఒకటే మాట: "తుపాకీ అయితే అన్యాయం, విల్లయితే జంతువుకీ సమాన అవకాశం!"

"కొండ మీద నా సూలుగొర్రి తప్పిపోనాది, సూసినావా బాబూ?" అని మా ఊరి సూరమ్మ అతన్ని అడిగింది. అతను ఆ మాటని "కొండగొర్రె" అని విన్నాడు. కొండగొర్రె అంటే జింక లాంటి అడవి జంతువు. పొద కదలగానే బాణం వదిలాడు. మేం పరుగెత్తి చూస్తే సూరమ్మ గొర్రె, కడుపులో పిల్లతో సహా చచ్చిపడి ఉంది.

"మెడలో గంట ఇనబడనేదేట్రా?" అని సూరమ్మ గుండెలు బాదుకుంది.

"కొండగొర్రె అన్నది నువ్వే కదా" అంటూ అతను చచ్చిన గొర్రె పక్కన ఫోటోకి గడ్డం సర్దుకున్నాడు.

"సమానమన్నావు, గొర్రికి విల్లెవుడిచ్చినాడేటి?" అన్నాడు అప్పన్న బావ.

ఆ పొద్దు అక్కడున్న మనుషులు సూరమ్మ, అప్పన్న బావ, నేను. అతన్ని మనుషుల్లో కలపను.